లిండాల్వా అరచెయ్యి పెట్టిన చోట

లిండాల్వా నా బండి ముందు కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉండగా నేనే ముందు గమనించాను. కాఫీ అప్పుడే పొయ్యి మీంచి దించి పోశాను. ఆ గ్లాసును నేనైతే మసిగుడ్డ లేకుండా ముట్టుకోను. ఈవిడ అయిదు వేళ్ళూ చుట్టి, చల్లటి కొబ్బరినీళ్ళ గ్లాసు పట్టుకున్నట్టు పట్టుకుని, వాళ్ళ ఆడపడుచు కొత్త పళ్ళ సెట్టు గురించి చెప్పుకుపోతోంది.

"కాలట్లేదా నీకు?" అన్నాను.

మాట ఆపి గ్లాసు వైపు చూసింది. చూశాక గబుక్కున బల్ల మీద పెట్టేసింది.

"కాలుతోందే," అంది.

కాలుతోందని ఆమెకు కళ్ళు చెప్పాయి, వేళ్ళు చెప్పలేదు. అది ఇద్దరికీ తెలిసిపోయింది. ఆమె కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. వేళ్ళ కొసలు ఎర్రగా కందిపోయాయి.

"ఎవరితోనూ అనకు కొమాద్రీ," అంది చిన్నగా. ఆమె కూతురికి నేను జ్ఞానతల్లిని, అందుకని మేమిద్దరం ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకోం.

సముద్రం ఒడ్డున మా ఊరు రెడీన్యాలో వంతెన దిగి దిబ్బల వైపు పోయే రోడ్డు మీద సెయు జెనివాల్ షెడ్డు ఉంది. సెయు, దోనా అంటే మా వైపు అయ్యగారు, అమ్మగారు అన్నట్టు. ఆ షెడ్డుకు ఎదురుగానే నా టాపియోకా అట్ల బండి, కర్రపెండలం పిండితో పోస్తాను. షెడ్డులో బగ్గీలు కడతారు, విరిగినవి బాగుచేస్తారు. తలుపులూ కప్పూ లేకుండా, లావుపాటి టైర్లతో, జెనిపాబు ఇసుక దిబ్బల మీదికి టూరిస్టుల్ని ఎక్కించి కిందికి జార్చే బండ్లు. బయల్దేరే ముందు డ్రైవరు "ఝల్లుతోనా, ఝల్లు లేకుండానా?" అని అడుగుతాడు. ఝల్లుతో అన్నవాళ్ళు దిగాక కాసేపు ఎవరితోనూ మాట్లాడరు. ఆ బండ్ల ఒళ్ళంతా ఫైబరే. ఇనుమైతే మా సముద్రపు గాలి నమిలేస్తుంది.

ఫైబరు ముక్క అచ్చులోంచి వచ్చినప్పుడు అద్దంలా మెరుస్తుంది. చూసి మురిసిపోయి రంగు కొట్టారా, ఆ రంగు నెల తిరక్కుండా పొలుసులు పొలుసులుగా లేస్తుంది. అచ్చుకు అంటుకోకుండా ముందే మైనం రాస్తారు కదా, ఆ మైనం ముక్క మీదికి వచ్చేస్తుంది. దాన్ని సబ్బునీళ్ళతో కడిగి, థిన్నరు గుడ్డతో తుడిచి, అది ఆరకముందే పొడిగుడ్డతో మళ్ళీ తుడవాలి. ఆ తర్వాతే ఉప్పుకాగితం పట్టాలి. తొందరపడి ముందే రుద్దితే ఆ మైనం గీతల్లోకి దిగి కూర్చుంటుంది. రుద్దేటప్పుడు లోపల దాక్కున్న గాలిబుడగలు సూదిబెజ్జాల్లా బయటపడతాయి. వాటిని మేకుతో గిల్లి తెరిచి, లప్పం కూరి, ఎండలో పెట్టి, మళ్ళీ రుద్ది, ప్రైమరు కొట్టి, నీళ్ళతో మళ్ళీ రుద్దాలి. ఇదంతా లిండాల్వా పని. తెల్లటి దుమ్ము కనురెప్పల మీద కూడా పేరుకుంటుంది. ఆ దుమ్ముకు దురద పుట్టకుండా ఒంటికి పిల్లల పౌడరు పూసుకుని, పొడుగు చేతుల చొక్కా గుండీలు బిగించుకుని వెళుతుంది. సాయంత్రం వచ్చేటప్పటికి నా అట్ల పిండిలో పొర్లినట్టు ఉంటుంది.

అన్నీ అయ్యాక ఆఖరున చొక్కా చెయ్యి మడిచి, కళ్ళు మూసుకుని, ఉత్త అరచెయ్యి ఆ ముక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిపిస్తుంది. కళ్ళకు దొరకని వంపు ఆ చెయ్యికి దొరుకుతుంది. మైనం పొర మిగిలినా దొరుకుతుంది, అక్కడ చర్మం ఒకలా జారుతుందని చెప్పేది. అంతా సరిగ్గా ఉంటే కళ్ళు తెరిచి "మానింది" అంటుంది. ఫైబరు గట్టిపడి గుణం కుదిరితే మా వైపు ఆ మాటే అంటాం, పుండు మానిందని అన్నట్టే. లిండాల్వా మానిందని అనకుండా ఆ షెడ్డులో ఏ ముక్కా రంగు దాకా పోదు. దిబ్బల డ్రైవర్లు బండి తీసుకునేటప్పుడు జెనివాల్‌ని ఇంకేమీ అడగరు, "లిండాల్వా చెయ్యి పెట్టిందా?" అని మాత్రం అడుగుతారు.

వాళ్ళమ్మ లేసు అల్లేది, ఈవిడా చిన్నప్పుడు ఆ లేసు అల్లే దిండు ముందు కూర్చుని, దారం చుట్టిన చెక్కపుల్లలు ఆడించినదే. ఆ వేళ్ళకు ఆ చురుకు అక్కడి నుంచి వచ్చిందని అంటారు. నాకైతే తెలియదు. మా అమ్మా లేసు అల్లింది, నాకు మాత్రం అట్టు తిరగెయ్యడం ఒక్కటే వచ్చింది. లిండాల్వా మొగుడు దమియాన్‌కి పడవ లాగి లాగి నడుం పోయింది. గుమ్మంలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేస్తూ, రేడియోతో పోట్లాడుతూ ఉంటాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె అరచేతి మీద.

ఆ అరచెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. రుద్దే మిషను గిర్రున వణుకుతూంటే పట్టుకుని పట్టుకుని, బొటనవేలు, పక్క రెండు వేళ్ళూ ఎవరివో అతికించినట్టు అయిపోయాయి. గుండీ పెట్టుకుంటే జారిపోతోంది. దువ్వెన కింద పడితే గానీ చేతిలో లేదని తెలియట్లేదు.

ఇక మొదలయ్యాయి వైద్యాలు. ఉప్పునీళ్ళ కాపడం. కొపాయిబా చెట్టు నూనె. దమియాన్ చెప్పిన పిచ్చి వైద్యం ఒకటి, పచ్చి జీడిమామిడి పిప్పి కట్టడం, దానికి చర్మం ఊడొచ్చింది. మా వీధి చివర ఫ్రాన్సినేతి ఇంటింటికీ తిరిగి సబ్బులూ సెంట్లూ అమ్ముతుంది. లిండాల్వా చేతుల పగుళ్ళు చూసి ఆవిడ ఒక క్రీము డబ్బా చేతిలో పెట్టింది.

"ఇది రాసుకో తల్లీ, పట్టులా అవుతుంది. నీళ్ళలో పెట్టినా పోదు. ఆస్పత్రిలో నర్సులంతా ఇదే వాడతారు."

"వాసన లేదేం?"

"వాసన లేకుండా పని చేసేదే మందు. వాసన ఉంటే సెంటు. నేను రెండూ అమ్ముతాను, నాకు తెలీదా?"

రాసుకుంటే నిజంగానే పగుళ్ళు పూడాయి. తిమ్మిరి పోలేదు గానీ చెయ్యి చూడ్డానికి బాగుంది. చూడ్డానికి బాగుంటే లోపల కూడా బాగవుతున్నట్టే అనిపిస్తుంది కదా. పొద్దున పనికి బయల్దేరేటప్పుడు ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి, గోళ్ళ సందుల్లోకి పోయేలా పట్టించేది.

సరిగ్గా అప్పుడే దిబ్బల డ్రైవరు సెయు అదెరాల్దో బగ్గీ వచ్చింది. దిబ్బ మీంచి దిగుతూ ముక్కు నేలకు కొట్టి పగలగొట్టాడు. కొత్త బానెట్టు అచ్చులో పోసి, బండికి మళ్ళీ పసుపు రంగు వెయ్యాలి. డిసెంబరు టూరిస్టులు దిగే వేళ, బండి లేకపోతే ఆయన సంవత్సరం పోయినట్టే. అందుకని రోజూ వచ్చి షెడ్డులో నిలబడి ఊపిరి గట్టిగా వదిలేవాడు.

లిండాల్వా కొత్త బానెట్టు కడిగింది, తుడిచింది, రుద్దింది, బెజ్జాలు పూడ్చింది. చెయ్యి నడిపింది. ఆ రోజు నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకుని షెడ్డులోనే ఉన్నాను. మామూలుగా ఒకసారి నడిపి చెప్పేసేది. ఆ రోజు వెనక్కొచ్చింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. జెనివాల్ గోడకు చేరగిలబడి చూస్తున్నాడు.

"ఏం దోనా లిండాల్వా, దాన్ని నిద్రపుచ్చుతున్నావా?"

"మానింది," అంది ఆమె, కళ్ళు పూర్తిగా తెరవకుండానే.

ఆ మాట ఆమె చేతిలోంచి రాలేదు, నోట్లోంచి వచ్చింది.

రంగు కొట్టేవాడు క్లెబర్. ముప్ఫై ఏళ్ళవాడు, ఈల వేస్తూ పని చేస్తాడు. ప్లాస్టిక్ తెరల వెనక నుంచి ఈల వినిపిస్తూ ఉంటే షెడ్డులో అంతా బాగున్నట్టు. ఆ మధ్యాహ్నం ఈల సగంలో ఆగిపోయింది.

"సెయు జెనివాల్, ఒకసారి ఇటు రండి."

అందరం వెళ్ళాం. తడి పసుపు మీద గుండ్రటి చిన్న చిన్న గుంటలు, ఒక్కోదాని మధ్యలో ప్రైమరు కనబడుతూ, అచ్చం చేపలు కళ్ళు తెరుచుకుని చూస్తున్నట్టు. వాటిని చేపకళ్ళనే అంటారు. కింద జిడ్డు ఉంటే రంగు దాని మీద కూర్చోనని చుట్టూ తప్పుకుంటుంది, అలా పడతాయి.

"జిడ్డు," అన్నాడు క్లెబర్. "ఎక్కణ్ణుంచో జిడ్డు వస్తోంది."

జిడ్డంటే లిండాల్వాకు ఒక్కటే, అచ్చు మైనం. మైనం మిగిలిందంటే అరచెయ్యి పట్టుకోలేదన్నమాట. పట్టుకోలేదంటే ఇక ఆ చెయ్యికి పని అయిపోయినట్టే. ఇదంతా ఆమె మొహంలో నాకు కనబడింది. మిగతా వాళ్ళకు దుమ్ము కనబడింది.

మిగతా వాళ్ళు మాత్రం దొంగ కోసం వెతకడం మొదలుపెట్టారు. జెనివాల్ కంప్రెసరు వైపు వేలు చూపించాడు, గాలితో పాటు నూనె వస్తోందని. క్లెబర్ దాన్ని విప్పి, కడిగి, తెల్ల కాగితం మీదికి గాలి వదిలి చూపించాడు. కాగితం మీద చుక్క లేదు. తర్వాత వాడు అదెరాల్దో మీద పడ్డాడు.

"టైర్లకు నిగనిగలాడే మందు కొడతారు కదా సెయు అదెరాల్దో? ఆ తుంపర గాల్లో ఎగురుతుంది. ఆ చేతులతో వచ్చి ఇక్కడ అన్నీ ముట్టుకుంటారు."

"నా బండికి నేను టైర్లు తుడుచుకోవడం తప్పా? నీ తలకు రాసుకున్నదేంటి ముందు చెప్పు. నీ జుట్టు చూస్తే నా మొహం కనబడుతోంది."

అన్నీ అయ్యాక చూపులన్నీ రోడ్డు దాటి నా మూకుడు మీదికొచ్చాయి. నేను అట్లలోకి చిన్న చేపలు వేయిస్తాను, పామాయిల్లో. గాలి అటే వీస్తుంది.

"ఆ పొగ తిన్నగా నా షెడ్డులోకే వస్తోంది," అన్నాడు జెనివాల్.

"ఇన్నేళ్ళూ రాలేదా? ఇన్నేళ్ళూ ఆ పొగ వాసన పీల్చే కదా మీరు మధ్యాహ్నం రెండో అట్టు అడిగేది," అన్నాను.

"కోప్పడకు. రంగు అయ్యేదాకా వేయించకు, అంతే."

సరేనని మూకుడు బోర్లించాను. చేపలేని అట్లు ఎవడు తింటాడు? కొబ్బరి కోరి పెడితే మొహాలు ముడుచుకున్నారు. ఆ వారమంతా నేను ఆ షెడ్డు వైపు చూసిన చూపులకే దాని రంగు లేచిపోయి ఉండాలి.

లిండాల్వా ఇవేవీ వినలేదు. ఆ బానెట్టును మళ్ళీ మొదటి నుంచి రుద్దింది. కడిగింది. తుడిచింది, గుడ్డ మార్చి తుడిచింది, ఆ గుడ్డను ఎండకు పట్టి చూసింది. ఆమెకు నమ్మకం పోయింది కదా, అందుకని పనంతా అయ్యాక చెయ్యి నడపడం మానలేదు. అటూ ఇటూ, అడ్డంగా, అరచెయ్యీ వేళ్ళూ అన్నీ ఆనించి, గట్టిగా నొక్కుతూ. కాసేపు ఆగి, ఏమైనా తెలుస్తుందేమోనని మళ్ళీ. భోజనానికి నా దగ్గరికొచ్చి అట్టు ముట్టుకోకుండా కూర్చుని, డబ్బా తీసి క్రీము పట్టించుకుంది, ఇంతకు ముందు కంటే దట్టంగా.

"కొమాద్రీ, ఇంతకు ముందు దాని మీద చెయ్యి పెడితే అదే మాట్లాడేది. ఇప్పుడు గోడ మీద పెట్టినట్టుంది."

"జెనివాల్‌కి చెప్పు."

"చెబితే? ఏం చేస్తాడు? నన్ను కాఫీ కలపమంటాడా? అది నువ్వు చేస్తున్నావుగా."

"ఆయనేం రాక్షసుడు కాదు."

"కాదు. మంచివాడే. మంచివాళ్ళు ఇంటికి పంపేటప్పుడు కేకు కోసి పంపిస్తారు, అంతే తేడా."

నేను మాట మార్చాను.

రెండోసారి రంగు కొట్టినప్పుడు చేపకళ్ళు తగ్గలేదు సరికదా, కుప్పలుగా లేచాయి. క్లెబర్ గన్ను కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. అదెరాల్దో అప్పుడే వచ్చాడు. చూసి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"జెనివాల్, నేను మర్యాదగా చెబుతున్నా. వంతెన అవతల ఇంకో షెడ్డు ఉంది. వాళ్ళకు దోనా లిండాల్వా లేదు, నిజమే. కానీ వాళ్ళ బానెట్లకు కళ్ళు లేవు."

అదెరాల్దో వెళ్ళాక జెనివాల్ లిండాల్వా వైపు తిరిగాడు.

"మైనం పోయిందని నువ్వు నాకు చెప్పావు."

"చెప్పాను."

"నీ చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పలేదు. అందుకే ఇంకోలా అడగడం నాకు చేతకావట్లేదు. అసలేం జరుగుతోంది?"

"మళ్ళీ చేస్తాను," అంది. ఆ గొంతు విని నాకే ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున క్లెబర్ ఒక పని చేశాడు. ఒకేసారి దట్టంగా కొట్టకుండా, మంచు పడ్డట్టు పలచగా ఒక పొర చల్లి ఆగాడు. దొంగ ఎక్కడున్నాడో ముందు చూద్దామని. ప్లాస్టిక్ తెర ఎత్తి ఎండ లోపలికి రానిచ్చాడు. నేను ఫ్లాస్కుతో అప్పుడే వెళ్ళాను. లిండాల్వా తెర పక్కన నిలబడి ఉంది. జెనివాల్ ఇంకా రాలేదు.

పలచటి పసుపులో చేపకళ్ళు మెల్లగా తెరుచుకోవడం మొదలైంది. చెల్లాచెదురుగా కాదు. బానెట్టు ముక్కు దగ్గర మొదలై, నాలుగు చారలు పక్కపక్కన, బొటనవేలంత ఎడంలో ఇంకో చార, కింద వెడల్పుగా ఒక మచ్చ. ఆ చారలు అలాగే ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాయి, వెనక్కి తిరిగాయి, మళ్ళీ నడిచాయి.

చెయ్యి. దాని మీద చెయ్యి ఎక్కడెక్కడ తిరిగిందో అంతా రాసిపెట్టినట్టుంది.

క్లెబర్ దాన్ని చూశాడు, తర్వాత లిండాల్వాను చూశాడు. ఆమె అప్పటికే కుడిచెయ్యి వెనక దాచుకుంది.

"అక్కా," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "చేతికేం రాస్తున్నావు?"

"ఏం రాస్తాను? పౌడరు."

"పౌడరు ఇలా చెయ్యదు."

ఆమె జేబులోంచి డబ్బా తీసి ఇచ్చింది. క్లెబర్ మూత తీసి, వేలితో కొంచెం తీసుకుని, పక్కనున్న పాత ముక్క మీద రుద్ది, థిన్నరుతో శుభ్రంగా తుడిచి, దాని మీద రంగు చల్లాడు. ముగ్గురం వంగి చూశాం. అక్కడా చేపకళ్ళు తెరుచుకున్నాయి.

"సిలికోను," అన్నాడు. "టైర్ల మందులో ఉండేదే. నీళ్ళకు పోదు, థిన్నరుకు పోదు. ఫ్రాన్సినేతి అమ్మిందా? ఆవిడ అమ్మేవన్నీ ఇంతే. మా ఆవిడ ఏదో కొంది, దిండు గలేబుకు అంటుకుంటే ఇప్పటికీ పోలేదు."

నాకు ముందు నా మూకుడు గుర్తొచ్చింది. వారం రోజుల చేపలు. కానీ లిండాల్వాను చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు. ఆమె నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళతో.

"అంటే మైనం కాదు? మైనం పోయింది?"

"మైనం ఎప్పుడో పోయింది. నువ్వు చెయ్యి పెట్టినప్పుడల్లా కొత్త జిడ్డు పూశావు. ఎంత ఎక్కువ చూస్తే అంత ఎక్కువ."

"నా చెయ్యి తప్పు చెప్పలేదన్నమాట."

"చెయ్యి నిజమే చెప్పింది, అబద్ధం చెప్పింది క్రీమే," అని నవ్వాడు క్లెబర్. "సెయు జెనివాల్‌కి కంప్రెసరే అని చెప్పేద్దామా? ఆ ముసలి మిషను ఎలాగూ తిట్లు తినడానికే పుట్టింది."

అక్కడితో అయిపోతే బాగుండేది. డబ్బా చెత్తలోకి పోయింది. బానెట్టు ఈసారి కొత్త గుడ్డతో, క్లెబర్ తెచ్చిన వేరే మందుతో తుడిచారు, ప్రైమరుతో సహా గీకేసి మళ్ళీ కొట్టారు, లిండాల్వా గిన్నెలు తోమే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని చెయ్యి నడిపింది. రంగు పాలమీగడలా కూర్చుంది. క్లెబర్ ఈల మళ్ళీ మొదలైంది. నేను మూకుడు తిరగేసి పొయ్యి మీద పెట్టాను. అదెరాల్దో అదే పనిగా నాలుగు చేపల అట్లు తిన్నాడు, అరగక కాసేపు నా బల్ల మీదే పడుకున్నాడు.

లిండాల్వా మాత్రం బానెట్టు చుట్టూ తిరుగుతూనే ఉంది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. ఒక చోట ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, మెరుపులో షెడ్డు దూలం నీడను చూసింది. దూలం నీడ తిన్నగా రావాలి కదా, హెడ్‌లైటు పక్కన కొంచెం వంగింది.

"కొమాద్రీ, ఇటు చూడు," అంది.

నాకేమీ కనబడలేదు. కనబడినట్టు తల ఊపాను.

"ఇక్కడ పల్లం ఉంది. దీని మీంచి నా చెయ్యి ఎన్నిసార్లు వెళ్ళిందో."

నేనన్నాను, ఎవరికీ కనబడదు, వదిలెయ్, దిబ్బ మీద ఇసుక పడితే నాలుగు రోజుల్లో అన్నీ పల్లాలే అని. ఆమె వినలేదు. తప్పంతా క్రీముదే, చెయ్యి బతికిందనుకుంది అప్పుడు. ఇప్పుడు క్రీము లేదు, పల్లం ఉంది. ఇక దాచడానికి ఏ జిడ్డూ మిగల్లేదు.

మర్నాడు మడ్‌గార్డులు తయారయ్యాయి. జెనివాల్ స్వయంగా వచ్చి నిలబడ్డాడు. లిండాల్వా చొక్కా చెయ్యి మడిచి, కళ్ళు మూసుకుని చెయ్యి నడిపింది. ఆగింది. మళ్ళీ నడపలేదు. చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయింది.

"ఏమ్మా? మానిందా?"

"తెలియట్లేదు."

ఆ షెడ్డులో ఆ మాట ఎవరూ విని ఉండరు. క్లెబర్ ఈల ఆపాడు.

"తెలియకపోవడమేంటి?"

"వేళ్ళు మొద్దుబారిపోయాయి సెయు జెనివాల్. ఈ మధ్య కాదు. బానెట్టు మీద లైటు పక్కన పల్లం ఉంది, నేను పట్టుకోలేదు. వెలుతురులో చూశాను. చేపకళ్ళు కూడా నేను చేతికి రాసుకున్న ఫ్రాన్సినేతి క్రీము వల్లే."

జెనివాల్ బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చున్నాడు. పాపం ఆయన మొహం కూడా చూడాలి. ఆ షెడ్డుకు బోర్డు లేదు, గోడకు సున్నం లేదు, ఉన్నదల్లా ఈవిడ చెయ్యి.

"ఇంతకాలం నాతో చెప్పకుండా మానింది, మానింది అన్నావు."

"అన్నాను."

"డ్రైవర్లు నన్ను అడుగుతారు. నేనేం చెప్పాలి? ఇంకెవర్నైనా చూసుకోవాలి నేను. కోపంతో అనట్లేదు. చూసుకోవాలి కదా?"

"చూసుకోవాలి," అంది ఆమె. అప్పుడామె ఎడమ చొక్కా చెయ్యి మడవడం మొదలుపెట్టింది. కుడివేళ్ళు గుండీ తియ్యలేకపోతుంటే నేనే వెళ్ళి తీశాను. "ముందు దీన్ని ఒకసారి చూడనివ్వండి. ఇది ఎప్పుడూ నీళ్ళ స్పాంజి పట్టుకోవడమే. మిషను పట్టలేదు."

ఎడమ చెయ్యి మడ్‌గార్డు మీద పెట్టింది. ఎంత తడబడిందో. కుడిచెయ్యి నీళ్ళలో చేపలా పోయేది, ఇది మెట్లు వెతుక్కునే ముసలమ్మలా వెళుతోంది. చాలాసేపు పట్టింది. మధ్యలో అదెరాల్దో వచ్చి ఏదో అడగబోతే జెనివాల్ చెయ్యెత్తి ఆపాడు. వంపు దగ్గర ఆమె ఆగి, పెన్సిలుతో చుట్టు గీసింది.

"ఇక్కడ."

క్లెబర్ బకెట్టుతో నీళ్ళు కుమ్మరించి, తడి మెరుపులో ఏటవాలుగా చూశాడు. పెన్సిలు చుట్టులో నీడ వంగింది. ఉంది. తర్వాత వాడు ఇంకా చూస్తూ, అంచు దగ్గర వేలు పెట్టాడు, చెప్పడం ఇష్టం లేనట్టు.

"ఇక్కడ కూడా ఉందక్కా. ఇది నీకు దొరకలేదు."

లిండాల్వా ఎడమ చెయ్యి అక్కడ పెట్టి చూసింది. పెదవి కొరుక్కుంది. "లేదు. దొరకలేదు."

ఒకటి దొరికింది, ఒకటి తప్పింది. జెనివాల్ రెండింటినీ మార్చి మార్చి చూశాడు, తూకం వేస్తున్నవాడిలా.

"మిషను ఇక నువ్వు ముట్టుకోవద్దు," అన్నాడు ఆఖరికి. "నేను రుద్దుతాను. నువ్వు తుడువు, బెజ్జాలు పూడ్చు, ఎడమ చెయ్యి పెట్టు. క్లెబర్ నీళ్ళు పోసి చూస్తాడు. ఇద్దరూ సరే అంటేనే రంగు. సీజను అయ్యేదాకా చూద్దాం. ఆ తర్వాత సంగతి నాకిప్పుడు తెలీదు, అడగొద్దు."

"అడగను."

"ఆ కుడిచెయ్యి ఆస్పత్రిలో చూపించు. ఫ్రాన్సినేతికి కాదు."

చూపించింది. మణికట్టు లోపల నరం నలిగిపోయిందట, కట్టు వేశారు, కోత కోసినా మొత్తం తిరిగి వస్తుందని చెప్పలేమన్నారు. పేరు వరసలో రాసుకున్నారు, పిలవాలి. జెనివాల్ రుద్దడం మాత్రం చూడాల్సిందే. పది నిమిషాలకోసారి మిషను ఆపి ఒళ్ళు గోక్కుంటాడు. "పౌడరు పూసుకోండి" అని లిండాల్వా చెబితే, మగాడు పౌడరు పూసుకుంటాడా అన్నాడు. ఆ మర్నాడు పిల్లల పౌడరు వాసన రోడ్డు ఇవతలకు వచ్చింది.

అదెరాల్దో బండి తీసుకునే రోజు షెడ్డు ముందు ఎండలో పసుపు మెరిసిపోతోంది. బానెట్టు పల్లం కూడా సరిచేసి మళ్ళీ రంగేశారు. ఆయన చుట్టూ తిరిగి, అలవాటు ప్రకారం జెనివాల్‌ని అడిగాడు.

"లిండాల్వా చెయ్యి పెట్టిందా?"

జెనివాల్ నేల వైపు చూశాడు. నేను అట్టు మాడబెట్టాను ఆ క్షణంలో.

"పెట్టాను," అంది లిండాల్వా ముందుకొచ్చి. "ఎడమది. కుడిది పని చెయ్యట్లేదు. క్లెబర్ నీళ్ళు పోసి చూశాడు, వాడు సరేనన్నాడు. కుడి మడ్‌గార్డు అంచు మీద నాకు ఇంకా అనుమానంగానే ఉంది."

అదెరాల్దో ఆమె మణికట్టు కట్టు చూశాడు. దగ్గరికెళ్ళి ఆ అంచు మీద తన అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఆమె చేసినట్టే నడిపాడు.

"నాకేం తెలియట్లేదే."

"మీకు తెలియదులెండి."

క్లెబర్ నవ్వు ఆపుకోలేక తెర వెనక్కి వెళ్ళిపోయాడు. అదెరాల్దో చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, బండి ఎక్కి స్టీరింగు పట్టుకున్నాడు. వంతెన అవతలి షెడ్డు గురించి ఆలోచిస్తున్నాడో, సోమవారం సవారీ గురించో.

"సీజను అయ్యాక తెస్తాను," అన్నాడు. "అప్పటికి ఆ అంచు ఏమంటోందో నువ్వే చూద్దువుగాని. ఏ చేత్తో అయినా సరే."

బండి దిబ్బల రోడ్డెక్కింది. లిండాల్వా వెళ్ళే బండిని కాదు, ఆ కుడి మడ్‌గార్డునే చూస్తూ నిలబడింది, మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా. లోపల జెనివాల్ మిషను ఆపి, ఎవరైనా వచ్చి ఇది చూస్తారా లేదా అని అరుస్తున్నాడు. ఆమె ఎడమ చొక్కా చెయ్యి పళ్ళతో పట్టి పైకి లాక్కుంటూ లోపలికి వెళ్ళింది.